కారు వచ్చింది, కాగితం రాలేదు

(విజయవాడలో జరిగిన మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం. కార్యదర్శిగారి కోరికపై ఈ ప్రత్యేక సంచిక కోసం స్వల్ప మార్పులతో.)



కార్యదర్శిగారు నన్ను పావుగంట మాట్లాడమన్నారు. డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి చెప్పగల సమర్థులు ఈ వేదిక మీదే ఉన్నారు. ఆ పని వారికి వదిలేసి, నేను నాకు తెలిసిన ఒక్క విషయం మనవి చేసుకుంటాను. 1969లో ఎల్.డి.సి.గా చేరి 2006లో రిటైరయ్యాను. ఆ ముప్ఫై ఏడేళ్లలో ఎక్కువ కాలం నేను కూర్చున్నది మోటారు వాహనాల రిజిస్ట్రేషన్ సీటులో. ఎన్నో బళ్ల కాగితాలు నా చేతి మీదుగా వెళ్లాయి. మా అక్కగారింటి కారు కాగితం ఒక్కటి వెళ్లలేదు. ఆ కథ చెబుతాను. అందులో తప్పు నాది కూడా ఉంది కనుక నిర్భయంగా చెప్పగలను.

మా బావగారికి గుడివాడకు ఏడెనిమిది మైళ్ల దూరంలో రైసుమిల్లు ఉండేది. మనిషి మాట మీద నిలబడేవాడు, కాగితం మీద మాత్రం నమ్మకం లేదు. ధాన్యం లావాదేవీలన్నీ సిగరెట్ పెట్టె అట్టల మీద లెక్కలే. ఆయనకు ఒకటే సరదా, కారు. ఆ రోజుల్లో కారు కొనడం ఇప్పటిలా కాదు. బొంబాయిలో 1928 నుంచి కార్లు బిగించిన జనరల్ మోటార్స్ 1954లో ఆ పని మూసేసింది. ఆ తరవాత మనకు దొరికేవి అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్. వాటికి కూడా ముందు డబ్బు కట్టి, పేరు రాయించుకొని, ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఈలోగా విదేశీ కారు ఒకటి కంటబడితే మనసు ఆగుతుందా?

విజయవాడలో ఒక డాక్టరుగారు ఉండేవారు. పేరు చెప్పను. ఇంగ్లండులో చాలా ఏళ్లు పనిచేసి 1974లో తిరిగివచ్చారు. వస్తూ తన ఫోర్డ్ కార్టినా కారును ఓడ మీద బొంబాయికి తెచ్చుకున్నారు. విదేశాల్లో కొన్నేళ్లు ఉండి కాపురం మార్చుకొని వచ్చేవారు తమ కారును షరతుల మీద తెచ్చుకునే వీలు అప్పుడు ఉండేది. సుంకం కట్టాలి, ఇంత కాలం వరకు అమ్మనని బాండు రాయాలి. ఆయన కట్టారు, రాశారు. రేవు నుంచి ఇంటికి నడిపించుకురావడానికి బొంబాయిలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చారు. అప్పటి 1939 చట్టం ప్రకారం దాని గడువు నెల. ఆ నెలలోగా విజయవాడలో శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. డాక్టరుగారికి రోగుల రద్దీ, రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం. ఆస్పత్రికీ ఇంటికీ మధ్య తిరిగే కారును ఆయన మీద గౌరవం కొద్దీ ఎవరూ ఆపలేదు. అలా రెండేళ్లు గడిచాయి.

1976లో మా బావగారు ఆ కారును ఇరవై నాలుగు వేలకు బేరం చేశారు. పద్దెనిమిది వేలు అక్కడే లెక్కపెట్టి ఇచ్చారు. స్టాంపు కాగితం మీద అమ్మకం రాసుకున్నారు. మిగతా ఆరువేలు కాగితాలు ఇచ్చాక ఇస్తానన్నారు ఈయన. ఆరువేలు ఇచ్చాక కాగితాలు ఇస్తానన్నారు ఆయన. ఇద్దరూ పెద్దమనుషులే. ఇద్దరూ ఒక్క మెట్టు దిగలేదు. అక్కడ మొదలైంది కథ.

కారు మాత్రం మహారాజులా వచ్చింది. లేత నీలం రంగు. కాలువగట్టు మీద వస్తుంటే పొలాల్లో కలుపు తీసేవాళ్లు నడుం ఎత్తి చూసేవారు. మా అక్క మొదటిసారి దానిలో కూర్చుని దుర్గమ్మ కొండకు వచ్చిన రోజు మా ఇంటి ముందు పిల్లలంతా చేరారు. విడిభాగం పోతే ఇంగ్లండు నుంచి రావాలి కదా అని ఎవరో అన్నారు. మన ఆటోనగర్ ఉండగా ఇంగ్లండు దేనికండీ? పాత భాగాన్ని ముందు పెట్టుకొని దాని తమ్ముణ్ణి తయారుచేసి ఇచ్చే మేస్త్రీలు అక్కడ ఉండేవారు.

ఆరు నెలల తరవాత, 1977 మొదట్లో, బావగారు నా దగ్గరికి వచ్చారు.

"ఏమయ్యా బావమరిదీ, ఆ సీటులో నువ్వే కూర్చున్నావు గదా. దీనికో నంబరు పడేయి."

"కాగితాలు ఏవి బావా?" అన్నాను.

గోధుమరంగు మడతల పుస్తకం ఒకటి తీసి నా ముందు పెట్టారు. ఇంగ్లండువాళ్ల లాగ్‌బుక్కు. 1967లో అక్కడ మొదటి రిజిస్ట్రేషన్ అని ఉంది. "ఇదిగో, సీమ రిజిస్ట్రేషన్. ఇంతకంటే పెద్ద కాగితం ఏముంటుంది?" అన్నారు.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ కాగితాల సంగతి చెప్పాలి. మనవాళ్లకు పొలం విషయం బాగా తెలుసు. ఎకరం కొనేటప్పుడు లింకు దస్తావేజులు అడుగుతాం. ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో ఏ లింకూ తెగలేదా అని చూస్తాం. కారుకూ అంతే. ఇక్కడ తయారైన కారుకు మొదటి లింకు డీలరు ఇచ్చే అమ్మకపు పత్రం. విదేశం నుంచి వచ్చిన కారుకు మొదటి లింకు కస్టమ్స్ వారి కాగితం. బిల్ ఆఫ్ ఎంట్రీ అంటారు. ఇది దేశంలోకి దొంగదారిన రాలేదు, సుంకం చెల్లింది అని చెప్పేది అదొక్కటే. ఇప్పటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 47వ నిబంధన చూడండి. దిగుమతి అయిన బండికి కస్టమ్స్ క్లియరెన్సు పత్రం, దానితో పాటు లైసెన్సు, బాండు ఏవైనా ఉంటే అవి, దరఖాస్తుకు జతచేయాలని ఉంటుంది. ఆ లింకు లేకపోతే సీమ లాగ్‌బుక్కు ఎంత అందంగా ఉన్నా అది జాతకచక్రమే గాని పట్టా కాదు.

ఆ మాటే బావగారికి చెప్పాను. "ముందు డాక్టరుగారి దగ్గర కస్టమ్స్ కాగితం తెండి" అన్నాను. "ఆయన ముందు డబ్బంటాడు. నేను ఇవ్వను" అన్నారు.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. ఈసారి వెంట ఒక బ్రోకరు. అతను చాలా మర్యాదగా మాట్లాడాడు. మద్రాసులో ఇలాంటి కారే ఒకటి తుక్కు కింద పోయిందట. దాని రిజిస్ట్రేషన్ పుస్తకం అతని దగ్గర ఉందట. ఆ నంబరు దీనికి పెట్టి, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు మార్చి చెక్కి, ఆ రాష్ట్రం నుంచి ఈ రాష్ట్రానికి వచ్చినట్లు దరఖాస్తు పెడితే, సీటులో ఉన్నవారు కళ్లద్దాలు తీసి పక్కన పెడితే చాలట. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఇద్దరు పిల్లలు, చాలీచాలని జీతం. అయినా కుదరదన్నాను. బ్రోకరు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. బావగారు నవ్వలేదు. రెండు సంక్రాంతులు వాళ్లింటి నుంచి మాకు పిలుపు లేదు. మా అక్క మాత్రం పాలేరు చేత అరిసెలు పంపించింది. డబ్బా అడుగున చీటీ కూడా పెట్టలేదు.

ఇంతవరకు విని మీరు నన్ను మెచ్చుకోవచ్చు. చాలాకాలం నన్ను నేనే మెచ్చుకున్నాను. కాని కథ ఇక్కడితో అయిపోలేదు.

కారు నంబరు లేకుండానే నడిచింది. సరిగ్గా చెప్పాలంటే, గడువు తీరిన బొంబాయి నంబరుతో నడిచింది. పల్లెటూరు, మిల్లు యజమాని, అడిగేవారు లేరు. రిజిస్ట్రేషన్ లేని కారుకు బీమా ఎవరు ఇస్తారు? అదీ లేదు. 1981 చలికాలంలో ఒక రాత్రి, మంచులో, కాలువగట్టు మలుపు దగ్గర సైకిలు మీద వస్తున్న మనిషిని కారు తాకింది. మా బావగారి మిల్లులోనే బస్తాలు మోసే మనిషి. కాలు తుంటి దగ్గర విరిగింది. బావగారు కఠినాత్ములు కారు. ఆ రాత్రే విజయవాడ ఆస్పత్రికి తెచ్చారు, నాలుగు నెలలు ఖర్చంతా భరించారు, అరెకరం అమ్మారు. కాని కాలు మునుపటిలా రాలేదు. బస్తా మోసే మనిషికి కాలు పోతే మిగిలేదేముంది? బీమా ఉండి ఉంటే అతను కోర్టుకు వెళ్లి, కంపెనీ నుంచి, యజమాని దయతో పని లేకుండా, హక్కుగా పరిహారం తీసుకునేవాడు. హక్కుగా రావలసింది దయగా వచ్చింది. అతను మా బావగారికి జీవితాంతం దణ్ణం పెడుతూనే బతికాడు. ఆ దణ్ణం చూసినప్పుడల్లా మా బావగారు ముఖం తిప్పుకునేవారు.

ఆ తరవాత కారును మిల్లు వెనక షెడ్డులో పెట్టి తాళం వేశారు. మళ్లీ తీయలేదు.

కోర్టులు ఈ విషయంలో ఎంత గట్టిగా ఉన్నాయో నాకు రిటైరయ్యాక ఇంకా బాగా తెలిసింది. సుప్రీంకోర్టు 2014లో ఒక తీర్పు ఇచ్చింది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు 2006 జనవరిలో తీరింది, ఫిబ్రవరిలో ప్రమాదం జరిగింది. మధ్యలో మూడు వారాలే. బండికి బీమా ఉంది, ప్రీమియం కట్టారు. అయినా రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కడం బీమా ఒప్పందానికి మూలమైన షరతును తప్పడమేనని, కంపెనీ ఇవ్వనక్కరలేదని చెప్పారు. 2021 సెప్టెంబరులో మళ్లీ అదే మాట. కొత్త కారు, తాత్కాలిక నంబరు గడువు తీరిన కొద్ది రోజులకే దొంగతనమైంది. క్లెయిము రాలేదు. మా బావగారు గడువు దాటింది మూడు వారాలు కాదు, ఏళ్లకు ఏళ్లు.

డాక్టరుగారు పోయారు. తరవాత కొన్నేళ్లకు మా బావగారూ పోయారు. మిల్లు మూతపడింది. మా అక్క ఆ షెడ్డు వైపు చూసేది కాదు. మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం. ఊరికి వచ్చినప్పుడల్లా, "మామయ్యా, ఆ కారును తుక్కు కింద ఇచ్చేద్దామా?" అని అడిగేవాడు. నాన్న గుర్తు కదా అని మళ్లీ తనే వద్దనేవాడు.

2021 జూలైలో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను, వ్యాపారానికి కాకుండా సొంతానికి ఉంచుకున్నవాటిని, మూలరూపం చెడకుండా ఉంటే వింటేజ్ వాహనాలుగా రిజిస్టరు చేస్తారు. విదేశం నుంచి వచ్చినవీ ఇందులో చేరతాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఇరవై వేల రూపాయల రుసుము, పదేళ్ల గడువు. నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన 'వి ఎ' అని ఉంటుంది. రాష్ట్రం నియమించిన కమిటీ బండిని పరీక్షించాలి. అటువంటి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకోవడానికి తీయవచ్చు గాని రోజూ కూరగాయల మార్కెట్టుకు తీసుకుపోకూడదు.

మేనల్లుడు ఆ వార్త చూసి సంబరంగా ఫోన్ చేశాడు. 1967 లాగ్‌బుక్కు మన దగ్గరే ఉంది, యాభై ఏళ్లు ఎప్పుడో దాటాయి అన్నాడు. నేను నిబంధనలు తెప్పించుకొని చదివాను. దిగుమతి బండి అయితే బిల్ ఆఫ్ ఎంట్రీ జతచేయాలి. నలభై నాలుగేళ్ల క్రితం బావగారికి చెప్పిన మాటే మేనల్లుడికీ చెప్పాను. "కుదరదురా" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

2024 ఆగస్టు ఆఖరు రాత్రి, సెప్టెంబరు ఒకటో తేదీ ఉదయం మన విజయవాడ ఎలా ఉందో మీలో చాలామంది అనుభవించారు. బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ ప్రాంతమంతా నడుములోతు, పీకలోతు నీళ్లు. వారం దాటినా కొన్ని వీధుల్లో నీరు తీయలేదు. ఇంటి ముందు పెట్టుకున్న స్కూటర్లు, ఆటోలు, కార్లు అన్నీ బురదలో మునిగాయి. బీమా క్లెయిములు పరిష్కరించడానికి ప్రభుత్వం కంపెనీలను పిలిచి కూర్చోబెట్టింది. అప్పుడు బయటపడ్డాయి మన ఇళ్లలోని కాగితాల సంగతులు. బండి తనది, బీమా పాత యజమాని పేరున ఉన్నవారు. తండ్రి పోయి ఆరేళ్లయినా ఆర్.సి. తండ్రి పేరునే ఉన్నవారు. వరదలో బండి ఒక్కసారి మునిగితే, కాగితం లేక రెండోసారి మునిగింది.

ఆ వరదలోనే సింగ్‌నగర్‌లో ఒక ఇంట్లో, నీళ్లు తీశాక, ఒక ఆవిడ తడిసిన ట్రంకుపెట్టె తెరిచి కాగితాలన్నీ మేడ మీద ఎండబెట్టుకుంటోంది. ఆవిడ మన డాక్టరుగారి కూతురు. తండ్రి పోయినప్పుడు వచ్చిన ఆ పెట్టెను తెరిచే పని ఆమెకు అంతవరకు పడలేదట. పెట్టెలో అడుగున ఒక మందపాటి కవరు. లోపల మైనపుగుడ్డ చుట్టి ఉండడం వల్ల పెద్దగా తడవలేదు. అందులో మా బావగారి సంతకం ఉన్న అమ్మకపు కాగితం నకలు ఉంది. ఊరి పేరు ఉంది. ఆవిడ మంచితనం చూడండి, తన ఇల్లు బురదలో ఉండగా ఆ ఊరికి కబురు చేసి, మా మేనల్లుడి నంబరు సంపాదించి ఫోన్ చేసింది.

మేమిద్దరం వెళ్లాం. మెట్ల మీద ఇంకా బురద ఆరలేదు. ఆవిడ కవరు నా చేతికి ఇచ్చింది. అందులో బొంబాయి రేవు బిల్ ఆఫ్ ఎంట్రీ. సుంకం కట్టిన రశీదు. బాండు నకలు. అన్నిటికీ పైన, బాండు గడువు పూర్తయినందున దానిని రద్దు చేశామని 1979లో కస్టమ్స్ వారు డాక్టరుగారికి రాసిన ఉత్తరం. కవరు మీద డాక్టరుగారి చేతిరాత: "బాకీ ఆరువేలు వచ్చిన పిమ్మట ఇవ్వవలెను."

అంటే 1981లో ఆ ప్రమాదం జరిగేనాటికే అన్ని కాగితాలూ సిద్ధంగా ఉన్నాయి. గంటన్నర బస్సు ప్రయాణం దూరంలో. ఎవరైనా ఒకరు బస్సెక్కి ఉంటే, ఆరువేలు చేతిలో పెట్టి కవరు తెచ్చి ఉంటే, కారుకు నంబరు వచ్చేది, నంబరు వస్తే బీమా వచ్చేది, బీమా ఉంటే ఆ మనిషికి తన హక్కు దక్కేది.

ఎవరైనా ఒకరు అన్నాను. మొండితనం వాళ్లిద్దరిదీ అనుకోవచ్చు. కాని ఆ సీటులో కూర్చున్నవాణ్ణి నేను. ఏ కాగితం కావాలో, అది ఎవరి దగ్గర ఉందో, బాండు గడువు ఎప్పటికి తీరుతుందో తెలుసుకోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. డాక్టరుగారి ఇల్లు మా ఆఫీసుకు సైకిలు మీద పది నిమిషాలు. ఒక్క సాయంత్రం వెళ్లి, "అయ్యా, మీ ఇద్దరి మధ్య నేనుంటాను, డబ్బు నా దగ్గర పెట్టిస్తాను, కాగితం నా చేతికి ఇవ్వండి" అని ఉంటే ఆయన కాదనేవారు కాదు. నేను వెళ్లలేదు. బ్రోకరును వెనక్కి పంపించాను గనుక నా పని అయిపోయిందనుకున్నాను. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఫైలు మీద ఎల్.డిస్. రాసి కట్టేశాను. చేయకూడనిది చేయలేదు, అది నిజమే. చేయవలసినది కూడా చేయలేదు. మొదటిదాని గురించి నలభై ఏళ్లు గర్వపడి, రెండోదాని సంగతి మరిచిపోయాను. 2021లో మేనల్లుడు అడిగినప్పుడు కూడా "కుదరదు" అన్నానే గాని, "డాక్టరుగారి పిల్లలు ఎక్కడున్నారో వెతుకుదాం పద" అనలేదు.

మన సర్వీసులో మనందరికీ ఈ జబ్బు కొద్దో గొప్పో ఉండేది. నిబంధన చూపించి కుదరదనడం నేర్చుకున్నాం. అదే నిబంధనలో ఎలా కుదురుతుందో చూపించే వాక్యం కూడా ఉంటుంది. దాన్ని ఎదుటివారికి చదివి వినిపించడం కూడా గుమాస్తా ధర్మమే.

ఇక ఇప్పుడేమైందో చెబుతాను. మేనల్లుడు ఆరువేలు తీసి డాక్టరుగారి అమ్మాయి ముందు పెట్టాడు. వద్దంటుందనుకున్నాం. ఆవిడ ఒక్క నిమిషం కవరు మీది రాత చూసి, "నాన్నగారు రాసుకున్నారు కదా, తీసుకుంటాను" అంది. నేను పాతకాలపువాణ్ణి, రశీదు కూడా రాయించాను. ఆవిడ నవ్వుతూ సంతకం చేసింది.

ఒక చిక్కు మిగిలింది. దిగుమతి కాగితం డాక్టరుగారి పేరున ఉంది. అమ్మకం బాండు గడువులోపల, 1976లో జరిగింది. షరతు తప్పినట్టే. "మామయ్యా, అమ్మకపు కాగితం మీద తేదీ ఎవరు చూస్తారు? 1980లో అమ్మినట్టు కొత్తగా రాసుకుందాం" అన్నాడు మేనల్లుడు. నాకు ఆ పాత బ్రోకరు గుర్తుకొచ్చాడు. "ఉన్నది ఉన్నట్టు రాద్దాం. అపరాధ రుసుము ఏదైనా పడితే కడదాం. 1962 కస్టమ్స్ చట్టం 125వ సెక్షన్‌లో జప్తుకు బదులు జరిమానా కట్టే వీలుంది" అన్నాను. ఇద్దరు వారసుల ప్రమాణపత్రాలు, అన్ని నకళ్లు జతచేసి కస్టమ్స్ వారికి రిజిస్టరు పోస్టులో పంపించాం. వారి జవాబు వచ్చాక వింటేజ్ దరఖాస్తు. నంబరు వస్తుందో రాదో నేను చెప్పలేను. ఈసారి మాత్రం "కుదరదు" అని ఫైలు కట్టలేదు. మూడు నెలలకొక రిమైండరు పెడుతున్నాను.

ఇది పాత కారు కథ అని తీసిపారేయవద్దు. 2025 మే నెలలో హైదరాబాదు విలాసకార్ల వ్యాపారి ఒకరిని, వెల తక్కువ చూపి సుంకం ఎగవేశారన్న ఆరోపణ మీద రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు అరెస్టు చేశారు. అదే ఏడు సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వారు భూటాన్ నుంచి వచ్చాయంటున్న కార్ల కోసం ఇళ్లిళ్లూ సోదా చేశారు. తప్పుడు కాగితాలతో వేరే రాష్ట్రాల్లో నంబర్లు వేయించారని అభియోగం. మన బ్రోకరు చెప్పిన ఉపాయం యాభై ఏళ్లయినా చావలేదు. కొన్నవారిలో చాలామంది ఆర్.సి. చూశాం కదా అనుకున్నవారే. విదేశీ కారు పాతది చవగ్గా వస్తోందని మన పిల్లలు అంటే, ఆర్.సి. ఒక్కటి చాలదని, దాని వెనక బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం రశీదు చూపించమని, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు వాటితో సరిపోయాయో లేదో స్వయంగా చూడమని చెప్పండి.

చివరగా, మనలో కారు లేనివారికి కూడా స్కూటరు ఉంటుంది. ఇంటికి వెళ్లాక ఒక్కసారి బీరువా తెరిచి ఈ నాలుగూ చూసుకోండి.

ఒకటి. బండి అమ్మినవారు ఈ రాష్ట్రంలోనే అయితే పద్నాలుగు రోజుల్లో ఫారం 29తో తెలియజేయాలి, కొన్నవారు ముప్ఫై రోజుల్లో తమ పేరుకు మార్చుకోవాలి. స్టాంపు కాగితం మీద రాసుకున్నాం కదా అని ఊరుకోవద్దు. బండి పలుచేతులు మారినా ఆర్.సి.లో పేరున్నవాడే యజమాని అని, పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఎప్పుడో అమ్మేసిన బండి ఎవరినో గుద్దితే నోటీసు మీ ఇంటికే వస్తుంది.

రెండు. యజమాని చనిపోతే ముప్ఫై రోజుల్లో ఆఫీసుకు తెలియజేయాలి. మూడు నెలల్లోగా వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 పెట్టాలి. భర్త స్కూటరు మీద కొడుకు ఏళ్ల తరబడి తిరుగుతున్న ఇళ్లు నాకు తెలుసు.

మూడు. 2021 నుంచి ఆర్.సి.లో నామినీ పేరు రాయించుకోవచ్చు. పింఛనుకు, బ్యాంకు ఖాతాకు రాయించాం, బండికీ రాయిస్తే ఇంట్లోవారికి తిరుగుడు తగ్గుతుంది.

నాలుగు. సొంత బండి ఆర్.సి.కి పదిహేనేళ్ల గడువు. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే మనం బండి బతికే ఉందని కూడా చెప్పాలి. తేదీ చూసుకోండి.

వీటిలో ఏదైనా అర్థం కాకపోతే, దరఖాస్తు నింపడం రాకపోతే, నెలలో మొదటి ఆదివారం ఉదయం నేను సంఘం గదిలో కూర్చుంటాను. కళ్లద్దాలు పెట్టుకునే కూర్చుంటాను. కుదరదని మాత్రం చెప్పను. ఎలా కుదురుతుందో ఇద్దరం కలిసి వెతుకుదాం.

ఆ మిల్లు కూలీ ఇప్పుడు లేడు. అతని కొడుకు గుడివాడలో ఆటో నడుపుతాడు. మొన్న కనిపిస్తే అలవాటు కొద్దీ కాగితాలు చూపించమన్నాను. ఆర్.సి., బీమా, పర్మిట్టు, ఫిట్‌నెస్, అన్నీ ప్లాస్టిక్ సంచిలో మడత నలగకుండా పెట్టుకున్నాడు. "నాన్న చెప్పాడండీ, కాగితం లేకుండా బండి తీయొద్దని" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను.